కొత్త గొంతులు, పాత రాజకుమారి: పిల్లల పాటల సినిమా రెండో భాగంపై అపోహలు – వాస్తవాలు

పదకొండేళ్లుగా హైదరాబాద్‌లో డబ్బింగ్ సినిమాలకు మాటలు, పాటలు రాస్తున్నాను. నా దగ్గరికి ఎక్కువగా పిల్లల సినిమాలే వస్తాయి. రాజకుమారి, మంత్రగత్తె, మాట్లాడే జంతువులు, మధ్యలో ఆరేడు పాటలు. ఇలాంటి సినిమాకు కొత్త నటీనటులతో రెండో భాగం వస్తోందనగానే అటు తల్లిదండ్రులు, ఇటు ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఏళ్లుగా అవే మాటలు అంటున్నారు.

అపోహ: గొంతు మారితే పిల్లలు ఒప్పుకోరు.

వాస్తవం: ఒప్పుకుంటారు. 2019లో ‘ద లయన్ కింగ్’ తెలుగులో సింహరాజు ముఫాసాకు పి. రవిశంకర్ గొంతు ఇచ్చారు. 2024లో ‘ముఫాసా’ వచ్చేసరికి ఆ పాత్రకు మహేశ్ బాబు చెప్పారు. టిమోన్, పుంబాలకు మాత్రం మళ్లీ అలీ, బ్రహ్మానందమే. ఇంగ్లిష్‌లో అయితే 1964లో జూలీ ఆండ్రూస్ వేసిన మేరీ పాపిన్స్ అనే మాయల ఆయా పాత్రను 54 ఏళ్ల తర్వాత, 2018లో, ఎమిలీ బ్లంట్ వేశారు. పాత్ర మాట తీరు పట్టుకుంటే చాలు, గొంతు కొత్తదన్న సంగతి పిల్లలు కాసేపట్లోనే మరచిపోతారు.

పిల్లలు పట్టేసేది మాట మారితేనే. మా పక్క ఫ్లాట్ పాపకు ఆరేళ్లు. నేను రాసిన ఓ రెండో భాగం చూసొచ్చి, “ఆంటీ, అది మంచుకోట కాదు, మంచుమేడ” అంది. నిజమే, మొదటి భాగంలో మంచుమేడ అనే ఉంది. అప్పటి నుంచి సినిమాకో నోట్‌బుక్ పెట్టుకుని ఊళ్ల పేర్లు, మంత్రాలు, ముద్దుపేర్లు, ఎవరు ఎవరిని నువ్వు అంటారు, ఎవరిని మీరు అంటారు, అన్నీ రాసి పెట్టుకుంటున్నాను.

అపోహ: ఇంగ్లిష్ పాట అర్థం తెలుగులోకి వస్తే పాట అయిపోయినట్టే.

వాస్తవం: అసలు పని అక్కడే మొదలవుతుంది. సంగీతం మార్చడానికి లేదు, తెర మీద నోరూ మన చేతిలో లేదు. ప, బ, మ పలకాలంటే పెదవులు కలవాలి. క్లోజప్‌లో రాజకుమారి నోరు తెరిచి ఉన్నప్పుడు ‘మబ్బు’ అని రాస్తే చూసేవాళ్లకు ఎక్కడో తేడా కొడుతుంది.

దీర్ఘంగా పట్టే స్వరం దగ్గర చిక్కు ఇంకా ఎక్కువ. మనది అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి పాటకు హాయి అంటారు. నేనూ ఒప్పుకుంటాను. కానీ అచ్చ తెలుగు మాటలు చాలావాటి చివర ఉండేది ఉకారం. ఇల్లు, చెట్టు, నవ్వు, వెలుగు. ఉ అంటే పెదవులు ముడుచుకుంటాయి.

ఒక సినిమాలో రాణి కొండ అంచున నిలబడి పాట చివరి స్వరాన్ని ఆరు సెకన్లు పడుతుంది, నోరు పూర్తిగా తెరిచి. నేను ‘నా దారికి నేనే వెలుగు’ అని రాసుకెళ్లాను. అర్థం చక్కగా కుదిరింది. గాయని పాడింది. తెర మీద నోరు బార్లా తెరిచి ఉంది, స్పీకర్లలో ‘గూ...’ అని మోగుతోంది. సౌండ్ ఇంజనీర్ ఆపేసి నావైపు తిరిగాడు. అక్కడే కూర్చుని ‘నా దారికి నేనే వెన్నెలా’ అని మార్చాను. అక్షరాలు తొమ్మిదే, లెక్క తప్పలేదు. ‘వె’ పక్కన ఒత్తు రావడంతో ఒక మాత్ర, అంటే ఒక హ్రస్వం పలికేంత సేపు, పెరిగింది. దాన్ని గాయని ‘దారికి’ కొంచెం తొందరగా పలికి సర్దింది. చివరి ‘లా’ రాణి నోట్లోంచే వచ్చినట్టుంది. కథలో అది మంచు కురిసే రాత్రి కూడా, వెలుగు కంటే వెన్నెలే నప్పింది. ఇలాంటి రోజున ఇంటికెళ్తుంటే ట్రాఫిక్ కూడా తెలియదు నాకు.

అపోహ: పిల్లల పాత్రలకు పిల్లలే పాడాలి.

వాస్తవం: అలా నియమమేం లేదు. 1963 ‘లవకుశ’లో లవకుశుల పాటలు పాడింది పి. లీల, పి. సుశీల. రామాయణానికి తర్వాతి కథ, తెర మీద ఇద్దరు పిల్లలు, గొంతులు మాత్రం పెద్దవాళ్లవి. ఇన్నేళ్లయినా ఆ పాటలకు వంక పెట్టినవాళ్లను నేను చూడలేదు. మాటల దగ్గర పిల్లల గొంతుకు ఉండే అందం వేరు. 2019లో ‘ఫ్రోజెన్ 2’ తెలుగులో చిన్నప్పటి ఎల్సాకు మహేశ్ బాబు కూతురు సితార, పెద్దయ్యాక ఎల్సాకు నిత్యా మేనన్ చెప్పారు.

పిల్లల్ని తీసుకొచ్చే అమ్మానాన్నలకు ఒక్క మాట. స్కూల్ నుంచి నేరుగా స్టూడియోకి తేవద్దు. ఆకలి మీదున్న పాప పాట మధ్యలో ఊపిరి నిలపలేదు. గంటన్నర దాటితే నేనే ఆపేయమంటాను.

అపోహ: రెండో భాగం కాబట్టి పని సగమే.

వాస్తవం: పని పెరుగుతుంది, ఎందుకంటే చుట్టరికాలు పెరుగుతాయి. ఒక సినిమాకు మొదటి భాగం తెలుగు స్క్రిప్టు మాకు పంపలేదు. విని రాసుకున్నాం. రెండో భాగంలో కొత్తగా వచ్చిన చిన్న రాజకుమారి, పాత నాయికను ‘ఆంట్’ అని పిలుస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ ఒక్క మాటతో సరిపోతుంది. మనకు పెద్దమ్మా, పిన్నా, మేనత్తా తేలాలి. దృశ్యాలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి, అడిగితే జవాబు రాలేదు. నాయికకు అక్క ఉంది కదా, ఆవిడ కూతురే అయ్యుంటుందని ‘పిన్నీ’ అని పెట్టాం. సగం రికార్డింగ్ అయ్యాక వచ్చిన పాటలో తేలింది, ఆ పాప నాయిక అన్న కూతురని.

ముప్పై చోట్లకు పైగా మార్చాలి. పిలుపుతో పోయేది కాదు, మేనత్తకీ మేనకోడలికీ ఉండే చనువు వేరు కాబట్టి ఇద్దరి మధ్య వేళాకోళం మాటలన్నీ మళ్లీ రాశాను. మర్నాడు సాయంత్రం చిన్న రాజకుమారికి గొంతు ఇస్తున్న పాప బజ్జీలు తిని, నీళ్లు తాగి మైకు ముందు నిలబడింది. ‘పిన్నీ’ దగ్గర పెదవులు కలవక మూడు రోజులు అవస్థ పడ్డ క్లోజప్ అది. “అత్తా!” అంది. తెర మీద నోరు తెరుచుకోవడం, పాప మాట, రెండూ ఒకేసారి పడ్డాయి. రెండో టేక్ అడగలేదు.