పటం కట్టిన ఆ పేజీ ఎన్ని చేతులు దాటి వచ్చింది

తిరుపతి భవానీ నగర్‌లో నా మిత్రుడి ఇంటి ముందుగదిలో, వెంకటేశ్వరస్వామి పటానికి కాస్త ఎడంగా, ఒక నలుపు తెలుపు బొమ్మల పేజీ పటం కట్టి ఉంటుంది. 1980లలో అమెరికాలో అచ్చయిన ఒక సూపర్‌హీరో కామిక్ కోసం చేత్తో గీసిన అసలు పేజీ అది. అక్కడ ఉద్యోగం చేస్తున్న తమ్ముడు తెచ్చి ఇచ్చాడు. ఇంటికొచ్చినవాళ్లు మొదట అడిగేది, "రంగులేవీ?" అని. తర్వాత ధర అడుగుతారు. ఈ రెంటికీ సరైన జవాబు చెప్పాలంటే ఎనభై ఏళ్లు వెనక్కి పోవాలి.

ధర సంగతి ముందు చెప్పేస్తాను. 2022 జనవరిలో డల్లాస్‌లో హెరిటేజ్ సంస్థ వేసిన వేలంలో ఒకే ఒక్క పేజీ 33.6 లక్షల డాలర్లు పలికింది. అప్పటి లెక్కలో దాదాపు 25 కోట్ల రూపాయలు. మార్వెల్ సంస్థ 1984లో వేసిన 'సీక్రెట్ వార్స్' ఎనిమిదో సంచికలోని 25వ పేజీ అది. మైక్ జెక్ గీశాడు. స్పైడర్‌మాన్ ఒంటి మీదికి నల్ల దుస్తులు ఎలా వచ్చాయో చూపే పేజీ. అంతకు ముందు లోపలి పేజీల్లో రికార్డు 2014లో హల్క్ 180వ సంచిక చివరి పేజీది, 6,57,250 డాలర్లు. వుల్వరిన్ అనే పాత్ర మొదటిసారి కనిపించింది అందులోనే. మా వాడి పేజీ ఈ వరసలోది కాదు, అందులో ఎవరూ కొత్తగా పుట్టలేదు. అయినా నాకు దాన్ని ఎంతసేపు చూసినా తనివి తీరదు.

రంగులు లేకపోవడానికి కారణం పని జరిగే తీరే. మందపాటి బ్రిస్టల్ అట్ట, 11 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల పొడవు. 1967 దాకా ఇంకా పెద్ద అట్టలు వాడేవారు. ఒకాయన పెన్సిల్‌తో గడులు కట్టి బొమ్మలు వేస్తాడు. అక్షరాలు రాసేవాడు మాటల బుడగలు గీసి, లోపల సంభాషణ రాస్తాడు. మూడో మనిషి కుంచెతోనో పాళీతోనో ఆ పెన్సిల్ గీతల మీద నల్ల సిరా ఎక్కిస్తాడు. తర్వాత దాన్ని ఫొటో తీసి, చిన్నది చేసి అచ్చుకు పంపుతారు. రంగుల పని వేరే నకలు మీద వేరేవాళ్లు చేస్తారు. అంటే ఈ అట్ట మీద రంగు ఎప్పుడూ పడలేదు. లేత నీలం పెన్సిల్ గీతలు మాత్రం అక్కడక్కడా ఉంటాయి. ఆ నీలం అచ్చు కెమెరాకు అందదు కాబట్టి ఎడిటర్లు, చిత్రకారులు తమ గుర్తులు దానితో పెట్టుకునేవారు. అచ్చయిన పుస్తకంలో ఎన్నడూ కనపడని ఆ గుర్తులు ఇక్కడ ఇప్పటికీ ఉన్నాయి.

శ్రీకాళహస్తిలో కలంకారీ పని చేసే ఒక పెద్దాయనను నిరుడు ఈ పేజీ చూడమని తీసుకొచ్చాం. ఆయన హీరోను చూడలేదు, గీతను చూశాడు. కళ్లద్దాలు పైకి జరిపి, కిటికీ దగ్గరికి తీసుకుపోయి, "ఇది ఒక చేతి పని కాదప్పా" అన్నాడు. ఆయనకు ఎలా తెలిసిందో నాకు వెంటనే అర్థమైంది. కలంకారీలో కూడా చింతపుల్ల బొగ్గుతో ముందు ఆనవాలు గీస్తారు. తర్వాత వెదురు కలంతో, ఇనుము బెల్లం ఊరబెట్టి తీసిన నల్ల ద్రవంతో, ఆ ఆనవాలు మీద గీత దిద్దుతారు. కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఆ గీత నల్లగా తేలుతుంది. రామాయణం గుడ్డ మీద వరసలుగా గడులు కట్టి, గడి పక్కన తెలుగులో కథ రాసే అలవాటు కాళహస్తిది. కామిక్ పేజీని చదవడం ఆయనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఇక, ఇలాంటి పేజీలు ఇంత తక్కువగా ఎందుకు మిగిలాయి? సూపర్‌మాన్ మొదటిసారి వచ్చింది 1938లో, 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో. ఆ పాత్రను సృష్టించిన జెర్రీ సీగల్, జో షుస్టర్ దాని హక్కులను 130 డాలర్లకు అమ్ముకున్నారు. అచ్చు పని అయిపోయాక అట్టలు ఎవరికీ పనికిరానివిగా చూసేవారు. ఆఫీసుల్లో చోటు లేదని చింపారు, చెత్తలో వేశారు, వచ్చిపోయేవాళ్లకు ఊరికే ఇచ్చేశారు. బ్యాట్‌మాన్ తొలి రోజుల్లో పనిచేసిన జెర్రీ రాబిన్సన్ లాంటి ఒకరిద్దరు అడిగి తీసుకెళ్లి దాచుకోవడం వల్లే 1940ల నాటి కొన్ని ముఖచిత్రాలు మనకు దక్కాయి. గీసినవాళ్లకు పేజీకింతని కూలి ఇచ్చారు గనుక అట్ట కూడా తమదేనని కంపెనీలు అనుకున్నాయి. గీసినవాళ్లలోనూ చాలామంది అలాగే అనుకున్నారు.

1970లలో గాలి మారింది. పాత కామిక్స్ సేకరించే అభిమానులు పెరిగారు, అట్టలకు ధర పలకడం మొదలైంది. నీల్ ఆడమ్స్ లాంటి చిత్రకారులు, గీసినవాడి అట్ట గీసినవాడికి తిరిగి ఇవ్వాలని గట్టిగా పట్టుబట్టారు. 1975లో సీగల్, షుస్టర్‌లకు ఏడాదికి 20,000 డాలర్ల చొప్పున భృతి, సూపర్‌మాన్ సృష్టికర్తలుగా పేరు ఇప్పించిన పోరాటంలోనూ ఆడమ్స్ ముందున్నాడు. ఆ దశకం మధ్యకల్లా పెద్ద కంపెనీలు కొత్త పేజీలను తిరిగి ఇవ్వసాగాయి. 1978 జనవరి 1న అమెరికాలో కొత్త కాపీరైట్ చట్టం అమల్లోకి రావడంతో, ఏ పని కంపెనీది, ఏది కళాకారుడిది అన్నది కాగితం మీద రాసుకోక తప్పని పరిస్థితి వచ్చింది.

ఈ కథలో నన్ను ఎక్కువ బాధపెట్టే పేరు జాక్ కిర్బీ. 1917లో పుట్టి 1994లో పోయాడు. కెప్టెన్ అమెరికా, ఫెంటాస్టిక్ ఫోర్, థోర్, ఎక్స్‌మెన్ అన్నీ ఆయన చేతి మీదుగా వచ్చినవే. 1960లలో మార్వెల్‌లో పూర్తి స్క్రిప్టు లేకుండానే పేజీలు గీసేవారు, సంభాషణ తర్వాత చేరేది. అందుకని కిర్బీ అంచుల్లో పెన్సిల్‌తో ఏ గడిలో ఏం జరుగుతోందో రాసేవాడు. ఆ అంచు రాతలు చూస్తే కథలో ఆయన పాలెంతో ఎవరికైనా తెలుస్తుంది. పాత అట్టలను తిరిగి ఇచ్చేటప్పుడు మిగతా చిత్రకారులకు ఒక పేజీ ఒప్పందం పెట్టిన మార్వెల్, 1984లో కిర్బీ ముందు నాలుగు పేజీల ఒప్పందం పెట్టింది. అంతా ఒప్పుకుంటే ఇస్తామన్నవి 88 పేజీలు. ఆయన గీసినవి పదివేలకు పైమాటే. తోటి చిత్రకారులు, రచయితలు ఆయన పక్షాన సంతకాలు చేశారు. చివరికి 1987లో సుమారు 1,900 పేజీలు ఇంటికి చేరాయి. మిగతావి గోదాముల నుంచి ఎటు పోయాయో, ఎవరు పట్టుకుపోయారో ఇప్పటికీ తగువే. అందుకే అసలు పేజీ కొనేటప్పుడు, అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో అడగడం మర్యాదలో భాగం అనుకుంటాను. 2008లో ఒకరు పేరు చెప్పకుండా స్పైడర్‌మాన్ పుట్టిన 'అమేజింగ్ ఫాంటసీ' 15వ సంచిక 24 పేజీలనూ అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చేశారు. స్టీవ్ డిట్కో గీసిన ఆ పేజీలు ఇప్పుడు ఎవరైనా వెళ్లి చూడొచ్చు.

అట్ట కొన్నంత మాత్రాన బొమ్మ మీద హక్కు రాదు. మా వాడు తన పేజీని గోడకు పెట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు, టీషర్టు మీద అచ్చేసి అమ్మడానికి లేదు. మన దేశంలో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. 1957 కాపీరైట్ చట్టానికి 1994లో చేర్చిన 53ఎ సెక్షన్ ప్రకారం, చిత్రం తొలి హక్కుదారు దాని కర్తే అయి ఉండి, తర్వాత అది 10,000 రూపాయలు మించిన ధరకు మళ్లీ అమ్ముడైతే, ఆయనకో వారసులకో వాటా రావాలి. ఆ వాటా 10 శాతం మించదు. అమెరికాలో దేశమంతటికీ వర్తించే ఇలాంటి హక్కు లేదు. మన దగ్గర కాగితం మీద ఉన్న ఈ హక్కు గురించి మన చిత్రకారులు ఇంకా గట్టిగా మాట్లాడుకోవాలి. చందమామ చదివి పెరిగినవాళ్లం మనం. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలను, శంకర్ గీసిన, శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుణ్ణి కళ్లు మూసుకున్నా చూడగలం. ఆ అసలు కాగితాలు ఎక్కడ ఉన్నాయి, ఎవరివి అని ఎప్పుడైనా అడిగామా?

తిరుపతి ఎండకు, కార్తీకం వానల తేమకు ఇలాంటి కాగితం తట్టుకోవాలంటే కొంచెం ఓపిక కావాలి. కార్బన్ సిరా వెలిసిపోదు గానీ, మార్కర్ గీతలు వెలుతురుకు గోధుమ రంగుకు తిరుగుతాయి. విడిగా అతికించిన మాటల బుడగలు జిగురు ఎండి రాలతాయి. ఎండ పడే గోడ వద్దు. ఆమ్లం లేని అట్ట, అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం కావాలి. లామినేషన్ మాత్రం ఎవరు చెప్పినా చేయించకండి. ఒకసారి చేస్తే ఆ పేజీ తిరిగి రాదు.

ఆ రోజు పెద్దాయన పటం విప్పించి మరీ చూశాడు. ఒక మూల హీరో భుజం దగ్గర సిరా పడని పెన్సిల్ గీత ఒకటి మిగిలిపోయి ఉంది. గీసినాయన చెయ్యి ముందు అటు వెళ్లి, మళ్లీ ఇటు తిరిగింది. దాని మీద వేలు ఆనించకుండా గాలిలోనే ఆ వంపు రెండు మూడుసార్లు తిప్పాడు. తర్వాత బుడగల్లోని అక్షరాలు చూపించి, "ఇవి ఎవరు రాసినారు నాయనా?" అని అడిగాడు. పెన్సిల్ వేసినాయన పేరు మావాడికి తెలుసు, సిరా వేసినాయన పేరూ తెలుసు, ఇది మాత్రం తెలియదు. లోపలి నుంచి ఆ అచ్చు సంచిక తెచ్చి, మొదటి పేజీ అడుగున ఉన్న పేర్ల వరసలో వెతికాం. దొరికింది. పటం మళ్లీ బిగించే ముందు మూడు పేర్లూ వెనక అట్ట మీద పెన్సిల్‌తో తెలుగులో రాశాడు మావాడు.