పొర కింది చివరి వరుస

హైదరాబాద్‌లో ఆక్సైడ్ థిన్ ఫిల్మ్‌ల (అతి పలుచని ఆక్సైడ్ పొరల) మీద పరిశోధనకు చేరిన విద్యార్థి, గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో చేరినా మరో ప్రయోగశాలలో చేరినా, పొరను పెంచడం కన్నా ముందు నేర్చుకోవలసింది ఆ పొరకు అడుగున ఉండే గోరంత స్ట్రాన్షియం టైటనేట్ స్ఫటికపు పలకను కడగడం. ఆ కడుగుడు వెనుక పెద్ద చరిత్రే ఉంది.

1986లో బెడ్నోర్జ్, ముల్లర్ రాగి ఆక్సైడ్లలో అతివాహకతను (నిరోధమే లేకుండా విద్యుత్తు ప్రవహించడాన్ని) కనుగొన్నాక, ఆ పదార్థాలను పలుచని పొరలుగా పరవాలనే తొందర మొదలైంది. 1987లో అమెరికాలోని బెల్‌కోర్ పరిశోధన సంస్థలో టి. వెంకటేశన్ తదితరులు లేజర్ పోట్లతో ఆ పని సాధించారు. లేజర్ తగిలిన చోట ఆక్సైడ్ చిచ్చుబుడ్డిలా ఎగసి, ఎదురుగా ఉన్న వేడి పలక మీద పేరుకుంటుంది. అప్పట్లో పలకను ఎక్కువగా ఒక ఆధారంగానే చూశారు.

స్ట్రాన్షియం టైటనేట్ స్ఫటికంలో స్ట్రాన్షియం–ఆక్సిజన్ పరమాణువుల వరుస, టైటానియం–ఆక్సిజన్ పరమాణువుల వరుస ఒకదాని మీద ఒకటి మారి మారి పేర్చి ఉంటాయి కాబట్టి, పలకను ఎంత సానపట్టినా పైముఖం మీద రెండూ కలగాపులగంగా తేలుతాయి. 1994లో జపాన్‌లో కవాసాకి బృందం, ఆమ్లత్వాన్ని అదుపులో ఉంచిన హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో స్ట్రాన్షియం వరుసను మాత్రమే కరిగించి, పైన టైటానియం వరుసే మిగిలేలా చేసింది. అలా తయారైన పలకను సూక్ష్మదర్శినిలో చూస్తే, 0.4 నానోమీటర్ల ఎత్తున్న మెట్లు కోనేటి మెట్లలా వరుసగా కనిపిస్తాయి. ఆమ్లానికి ముందు నీటిలో నానబెడితే ఫలితం ఇంకా నిలకడగా ఉంటుందని 1998లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపారు.

2004లో ఒటోమో, హ్వాంగ్ అటువంటి పలక మీద లాంథనం అల్యూమినేట్ అనే మరో ఆక్సైడ్‌ను పెంచారు. రెండూ విద్యుత్ బంధకాలే, అయినా అవి కలిసే చోట విద్యుత్తు ప్రవహించింది. మధ్యలో ఒక్క స్ట్రాన్షియం వరుస చేర్చగానే ఆ ప్రవాహం లేకుండా పోయింది. పై పొర మందం 3 యూనిట్ సెల్స్ (స్ఫటికంలో పదేపదే వచ్చే అతి చిన్న గడులు) ఉంటే బంధకంగానే ఉండి, 4కు చేరగానే వాహకమవుతుందని 2006లోను, దాదాపు 0.2 కెల్విన్ వద్ద అదే సరిహద్దు అతివాహకమవుతుందని 2007లోను తేలింది. కీర్తి అంతా 2004కే దక్కుతోంది గానీ, నా దృష్టిలో దానికి పునాది 1994 నాటి ఆ కడుగుడే.

సరిహద్దులో ఆ విద్యుత్తును మోసే ఎలక్ట్రాన్లు ఎక్కడివన్న వాదం మాత్రం సులువుగా తెగలేదు. ధన, రుణ ఆవేశపు వరుసల మధ్య పెరిగే విద్యుత్ పొటెన్షియల్ వాటిని సరిహద్దుకు నెట్టిందని కొందరు, పెరుగుదల సమయంలో ఆక్సిజన్ జారిపోయిన ఖాళీలే కారణమని మరికొందరు అన్నారు. పలక పై పొరను సాగదీసి కూడా దాని గుణాన్ని మార్చగలదు: అదే 2004లో, డిస్ప్రోషియం స్కాండేట్ అనే వేరే స్ఫటికపు పలక మీద సుమారు 1 శాతం సాగిన స్ట్రాన్షియం టైటనేట్ గది ఉష్ణోగ్రత దగ్గరే ఫెర్రోఎలక్ట్రిక్ (బయటి విద్యుత్ క్షేత్రం లేకున్నా తనలో ధన, రుణ ధ్రువాలను నిలుపుకొనేది) అయింది. సాగదీయని స్ఫటికం ఎంత చల్లార్చినా అలా మారదు. ఆ తరువాత దృష్టి ఆక్సిజన్ అష్టముఖుల (ఒక్కో లోహ పరమాణువు చుట్టూ ఆరు ఆక్సిజన్లు కట్టే ఎనిమిది ముఖాల ఆకారాల) వంపు మీదకు మళ్లింది: పలకలోని వంపు పై పొరలోకి కొద్ది యూనిట్ సెల్స్ దాకానే పాకుతుంది కనుక, మరీ పలుచని పొర మొత్తం ఆ వంపు ప్రభావంలోనే ఉండిపోతుంది.