‘డబ్బింగ్‌లో చూసుకుందాం’: షార్ట్ ఫిల్మ్ సౌండ్‌పై అపోహలు - వాస్తవాలు

సౌండ్ విభాగంలో పనిచేస్తూ, ఫిల్మ్ కోర్సుల్లో చదివే పిల్లల షార్ట్ ఫిల్ములకు మిక్సింగ్ (మాట, చప్పుళ్లు, సంగీతం అన్నీ తగిన పాళ్లలో కలపడం) చేసిపెడుతుంటాను. నా దగ్గరికొచ్చే సినిమాల్లో ఫ్రేములు ముచ్చటగా ఉంటాయి. లైటింగ్ కోసం ఎంత కష్టపడ్డారో చూడగానే తెలుస్తుంది. ఆడియో మాత్రం కెమెరాలో పడ్డ ఒకే ఒక్క ట్రాక్, దాని కింద ఒక పాట. మాట, అడుగుల చప్పుడు, చుట్టుపక్కల వాతావరణం, సంగీతం వేటికవే విడిగా సేకరించుకోవాల్సినవి. వాటి గురించి ఆలోచన స్క్రిప్టు దశలోనే మొదలవ్వాలి. ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పడం లేదు. అందుకే, తరచూ నా చెవిన పడే మాటల్ని తీసుకుని ఇది రాస్తున్నాను.

అపోహ: లొకేషన్‌లో సౌండ్ ఎలా వచ్చినా ఫర్వాలేదు, డబ్బింగ్‌లో చూసుకుందాం.

మన సినిమాలు దశాబ్దాలుగా ఎక్కువగా డబ్బింగ్ మీదే నడిచాయి కాబట్టి ఈ మాట అలవాటుగా వచ్చేస్తుంది. కానీ అక్కడ డబ్బింగ్ థియేటర్ ఉంటుంది, పెదాలకు మాట కలపడంలో చెయ్యి తిరిగినవాళ్లు ఉంటారు, ఆ తర్వాత ఫోలీ (అడుగులు, గాజులు లాంటి చప్పుళ్లను స్టూడియోలో మళ్లీ పుట్టించడం) చేసేవాళ్లుంటారు. మీ సినిమాలో నటించింది మీ హాస్టల్ రూమ్మేట్. సెట్లో ఏడుస్తూ చెప్పిన డైలాగును కొన్ని వారాల తర్వాత మైక్ ముందు నిలబెట్టి చెప్పమంటే ఆ ఊపిరి మళ్లీ రాదు. పైగా డబ్బింగ్ వేయగానే లొకేషన్ శబ్దమంతా పోతుంది. గాజుల చప్పుడు, కుర్చీ జరిపిన చప్పుడు, చెప్పుల చప్పుడు అన్నీ కొత్తగా పుట్టించుకోవాలి.

వీలైనంతవరకు లొకేషన్‌లోనే పట్టుకోండి. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపేయండి. (ఫ్రిజ్ ఆపేటప్పుడు బండి తాళాలు అందులోనే పెట్టండి, వెళ్లేముందు ఆన్ చేయడం మర్చిపోరు.) బోరు మోటారు ఎప్పుడు వేస్తారో వాచ్‌మన్‌ని ముందే అడగండి. రికార్డర్ సెట్టింగ్స్‌లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టి రికార్డ్ చేయండి. ప్రతి టేక్‌కీ క్లాప్ కొట్టండి. డబ్బింగ్ తప్పదని తేలినా, పైలట్ ట్రాక్ (లొకేషన్‌లో రికార్డయిన అసలు మాట) శుభ్రంగా ఉంటేనే నటుడు దాన్ని అందుకోగలడు.

అపోహ: ఖరీదైన మైక్ ఉంటే సౌండ్ దానంతటదే బాగొస్తుంది.

ధర కన్నా దూరం ముఖ్యం. ఆరుబయట నోటికీ మైక్‌కీ మధ్య దూరం రెట్టింపయితే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది, చుట్టూ ఉన్న రొద మాత్రం అంతే ఉంటుంది. కెమెరా మీద బిగించిన ఖరీదైన మైక్ కన్నా, చొక్కా లోపల అతికించిన మామూలు కాలర్ మైక్ చాలాసార్లు నయం. చిన్న గదిలో షాట్‌గన్ మైక్ (ఎటు తిప్పితే అటువైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టే పొడవాటి మైక్) వాడితే గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం కలిసి గొంతు డొల్లగా వినిపిస్తుంది. కెమెరాకు కనపడని వైపు నాలుగు బొంతలు వేలాడదీయండి, తేడా మీకే తెలుస్తుంది. బాగా చిన్న శబ్దాన్నీ బాగా పెద్ద శబ్దాన్నీ ఒకేసారి పట్టగల 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు హఠాత్తుగా వచ్చే అరుపు పగలకుండా కాపాడతాయి. దూరాన్నీ, గదిలోని ప్రతిధ్వనినీ అవి ఏమీ చేయలేవు.

అపోహ: నిశ్శబ్దం కావాలంటే ఆడియో తీసేస్తే చాలు.

తీసేస్తే స్పీకర్ పాడైందేమో అనుకుంటారు. ప్రతి గదికీ దాని మోత ఉంటుంది. సీన్ అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి, అదే మైక్‌తో కనీసం 30 సెకన్లు ఆ రూమ్ టోన్ రికార్డ్ చేసుకోండి. ఒకరి షాట్‌లో కోయిల కూస్తూ, ఎదుటివాళ్ల షాట్‌లో మాయమైతే కట్ చెవికి తెలిసిపోతుంది. దాన్ని కప్పేది ఈ రూమ్ టోనూ, యాంబియన్సూ (చుట్టుపక్కల వాతావరణం శబ్దం).

నిశ్శబ్దం తెలియాలంటే ముందు ఏదో ఒక శబ్దం ఉండి, ఆగాలి. సెట్లో ఫ్యాన్ ఆపేసి డైలాగులు తీసుకోండి. ఫ్యాన్ చప్పుడు విడిగా రికార్డ్ చేసి సీన్ కింద నడపండి. కరెంటు పోయిన క్షణంలో దాన్ని తీసేసి, దూరంగా కీచురాళ్లను మాత్రం మిగల్చండి. గది ఎంత ఖాళీ అయిందో అప్పుడు వినండి.

అపోహ: తెర మీద కనిపించే వాటికే శబ్దం కావాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇక్కడే ఉంది. ఉద్యోగం పోయిందని కొడుకు తల్లికి చెప్పే సీన్ అనుకోండి. అతను వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు, కెమెరా అతని మొహం మీదే ఉంది. లోపల ఆమె ఉల్లిపాయలు తరుగుతున్న చప్పుడు మాత్రమే మనకు వినిపిస్తోంది. అతను విషయం చెప్పాడు. కత్తి ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది, ఈసారి నెమ్మదిగా. జవాబు రావాల్సిన చోట కుక్కర్ కూత వచ్చింది. తల్లిని చూపించకుండానే సీన్ ఆమెది అయిపోయింది.

ఇది కుదరాలంటే డైలాగు తీసేటప్పుడు కత్తి చప్పుడు ఉండకూడదు, ఆవిడ ఉత్తి చేతులతో నటించాలి. షూట్ అయ్యాక అదే వంటింట్లో మైక్ దగ్గరగా పెట్టి తరుగుడు రెండు మూడు వేగాల్లో, కుక్కర్ కూత విడిగా రికార్డ్ చేసుకోవాలి. అప్పుడే ఎడిటింగ్‌లో ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోగలరు. ఇదంతా స్క్రిప్టులో రాసుకోకపోతే షూట్ రోజున ఎవరికీ గుర్తుండదు.

అపోహ: సీన్ తేలిపోతే ఆర్‌ఆర్‌తో (రీ-రికార్డింగ్, అంటే నేపథ్య సంగీతంతో) లేపొచ్చు.

ముందు మ్యూజిక్ లేకుండా కట్ చూడండి. నిలబడని సీన్‌కి వయొలిన్లు వేస్తే ‘ఇక్కడ బాధపడాలి’ అని మాత్రమే తెలుస్తుంది, బాధ కలగదు.

అపోహ: క్రెడిట్ వేస్తే ఎవరి పాటైనా వాడుకోవచ్చు.

క్రెడిట్ అనుమతి కాదు. అన్నమయ్య 1503లో కన్నుమూశారు, ఆయన సాహిత్యం మీద ఎవరికీ కాపీరైట్ లేదు. కానీ మనం వినే కీర్తనల్లో చాలావాటికి 20వ శతాబ్దంలో విద్వాంసులు బాణీలు కట్టారు. బాణీ హక్కు వేరు, రికార్డింగ్ హక్కు వేరు. మన చట్టం ప్రకారం రికార్డింగ్ హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. మీ కాలేజీలో పాడేవాళ్లు తప్పకుండా ఉంటారు, వాళ్లను అడగండి.

అపోహ: హెడ్‌ఫోన్స్‌లో బాగుంటే మిక్స్ అయిపోయినట్టే.

మీ సినిమా చూసేవాళ్లలో చాలామంది ఫోన్ స్పీకర్లోనే వినొచ్చు. అందులో లోతైన బేస్ దాదాపు వినిపించదు. భయం పుట్టించడానికి మీరు వేసిన 50 హెర్ట్జ్ గుయ్యిమనే మోత అక్కడ ఉండదు. దానికి తోడుగా కాస్త పై ఫ్రీక్వెన్సీలో తలుపు కిర్రు లాంటిది ఒకటి కలపండి. డైలాగు అర్థమవుతోందా లేదా అన్నది మాత్రం స్క్రిప్టు చదవని వ్యక్తికి ఫోన్‌లో వినిపించి తేల్చుకోండి. మీకు ప్రతి మాటా ముందే తెలుసు కాబట్టి, ఆ పరీక్షకు మీ చెవులు పనికిరావు.