ఆకలిగొన్నవారు ధన్యులా, ఆకలి లేనివారా? అపోహలు - వాస్తవాలు

బైబిల్ స్టడీ నడిపేవాళ్లందరికీ ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. "నీతికొరకు ఆకలిదప్పులు గలవారు ధన్యులు" (మత్తయి 5:6) అన్న ప్రభువే "నాయొద్దకు వచ్చువాడు ఏమాత్రమును ఆకలిగొనడు" (యోహాను 6:35) అన్నాడు. వచ్చినవాడికి ఆకలే లేకపోతే ధన్యత ఎక్కడిది? వాదన కోసం అడిగేవాళ్లు కొందరే. ప్రార్థన చేసుకుంటున్నా మనసు ఎండిపోయినట్టుందని టెన్షన్ పడి అడిగేవాళ్లే ఎక్కువ.

అపోహ: రక్షణ పొందాక ఆత్మీయ ఆకలి ఉండకూడదు.

వాస్తవం: యోహాను 6ను 35వ వచనం దగ్గర మొదలుపెట్టకూడదు. ముందు రోజు కడుపునిండా రొట్టెలు తిన్న జనమే మర్నాడు యేసును వెతుక్కుంటూ కపెర్నహూము వచ్చారు. అరణ్యంలో తమ పితరులకు ఆకాశం నుంచి దొరికిన ఆహారం, మన్నా మాట ఎత్తింది కూడా వాళ్లే. మన్నాను ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. విశ్రాంతి దినానికి ఉంచుకున్నది తప్ప, మర్నాటికి దాచితే పురుగులు పట్టేది. అలా 40 ఏళ్లు తిన్నా ఆ పితరులు చనిపోయారని యేసు గుర్తుచేశాడు (6:49). "ఆకలిగొనడు" అన్న మాట ఈ సంభాషణలోది. ఆయన దగ్గరికి వచ్చినవాడు ఖాళీగా తిరిగి వెళ్లడు, మరో రొట్టె కోసం మరో చోటు వెతకనక్కరలేదు. ఇక తినడమే ఉండదని ఆయన అనలేదు. "నన్ను తినువాడు నా మూలముగా జీవించును" అన్నది ఆ అధ్యాయంలోనే ఉంది.

ఇక దప్పిక వేయని నీళ్లు ఇస్తానని బావి దగ్గర యేసు చెబితే, సమరయ స్త్రీ కూడా మనలాగే అర్థం చేసుకుంది. ఆ నీళ్లు ఇస్తే ఇక చేదుకోవడానికి ఇంత దూరం రానక్కరలేదు కదా అంది (4:15). కానీ ఆయన చెప్పింది లోపల ఊరే నీటిబుగ్గ గురించి. పెరట్లో బుగ్గ ఉన్నవాళ్లు నీళ్లు తాగడం మానరు, బిందె పట్టుకుని వీధిలోకి వెళ్లడం మానతారు.

అపోహ: దాహంగా ఉందంటే విశ్వాసం చల్లారినట్టే.

వాస్తవం: కీర్తన 63 ఒక్కటి చాలు. దావీదు యూదా అరణ్యంలో ఉన్నప్పటిదని దాని శీర్షిక. 1వ వచనంలో నీళ్లు లేని ఎండిన దేశంలో తృష్ణ, 5వ వచనంలో విందు తిన్నంత తృప్తి, 8వ వచనంలో మళ్లీ "నా ప్రాణము నిన్ను అంటి వెంబడించుచున్నది". తృప్తి పొందాక కూడా వెంటపడటం ఆగలేదు. నా లెక్కలో అసలు జవాబు ఇదే. ఈ వాక్యాల్లో ఆకలి, తృప్తి ఒకటి పోయాక ఒకటి వచ్చే మెట్లు కావు.

ఇదేమీ కొత్త వివరణ కాదు. కతోలిక బైబిల్లో ఉండే సీరా గ్రంథం 24వ అధ్యాయంలో జ్ఞానం, తనను తిన్నవారికి ఇంకా ఆకలి వేస్తుందని అంటుంది. 4వ శతాబ్దంలో నీస్సా గ్రెగొరీ దేవుణ్ణి చూడాలన్న కోరికకు అంతు ఉండదని రాశాడు, ఫిలిప్పీ 3:13 ఆధారంగా.

అపోహ: ఎదిగిన విశ్వాసికి ఏ కొదువా అనిపించదు.

వాస్తవం: "నాకేమియు కొదువలేదు" అన్నది లవొదికయ సంఘం, అందుకు యేసు దాన్ని మందలించాడు (ప్రకటన 3:17). క్రీ.శ. 60లో భూకంపం వచ్చినప్పుడు ఆ ఊరు రోమ్ సాయం లేకుండా సొంత డబ్బుతో మళ్లీ లేచిందని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అలాంటి ఊరివాళ్లకు ఈ మందలింపు గట్టిగానే తగిలి ఉంటుంది.

అపోహ: ఈ ఆకలి అంతా ఆత్మీయమైనదే.

వాస్తవం: లూకా 6:21లో "నీతికొరకు" అన్న మాట లేదు. "ఇప్పుడు ఆకలిగొనుచున్న మీరు" అంటాడు, అంతే. 25వ వచనంలో కడుపు నిండినవారికి "అయ్యో" కూడా ఉంది. ప్రసంగాల్లో దాన్ని తొందరగా దాటేస్తాం. పైగా యోహాను 6:35ను తిండికి లోటుండదనే వాగ్దానంగా చెప్పేవాళ్లున్నారు. పౌలు మాత్రం "ఈ గడియవరకు ఆకలిదప్పులు గలవారము" అని రాశాడు (1 కొరింథీ 4:11). అతని విశ్వాసం తక్కువని ఎవరంటారు?

బియ్యం నిండుకున్న ఇంటికి ఈ వాగ్దానం చదివి వచ్చేయడానికి పత్రిక రాసిన యాకోబు ఒప్పుకోడు. తిండిలేని సహోదరునికి ఏమీ ఇవ్వకుండా "తృప్తిపొందుడి" అని చెప్పి పంపితే ఏం ప్రయోజనమని 2:16లో సూటిగా అడిగాడు.