కుక్కకు ప్లాస్టిక్ డాగ్ హౌస్ కొంటున్నారా? కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను నరసరావుపేటలో పశువైద్యురాలిని. రెంటచింతల మా జిల్లాలోనే ఉంది కాబట్టి మా ఎండల గురించి వేరే చెప్పనక్కర్లేదు. మార్చి దాటిందంటే క్లినిక్‌కి వచ్చేవాళ్లు ఫోన్ తీసి ఫొటో చూపిస్తారు. "డాక్టరమ్మా, ఈ ప్లాస్టిక్ ఇల్లు తీసుకోమంటారా?" తీసుకోవచ్చు. కానీ కొనేముందు కొన్ని సంగతులు తెలియాలి. నీడ లేని చోట పెడితే ఆ ఇల్లే కుక్క ప్రాణం మీదికి తెస్తుంది.

అపోహ: ఇల్లంటూ ఉంటే కుక్కకు ఎండ తగలదు.

ఒక మే నెలలో ఒకాయన ఫోన్ చేశారు. "అంత డబ్బు పోసి కొన్నానండీ, మా లాబ్రడార్ అందులో కాలు పెట్టట్లేదు, ఏమైనా జబ్బేమో" అన్నారు. సాయంత్రం అటుగా వెళ్తూ ఆగాను. సిమెంటు చేసిన పెరడు, పడమటి గోడ పక్కన గూడు. కుక్క మాత్రం బోరు పంపు దగ్గర బురదలో గొయ్యి తవ్వుకుని, పొట్ట తడి మట్టికి ఆనించి పడుకుంది. గూట్లోకి భుజం దాకా చెయ్యి పెట్టి కప్పును లోపలి నుంచి తాకాను. పది అంకెలు లెక్కపెట్టేంతసేపు కూడా చెయ్యి ఉంచలేకపోయాను. అడుగున పరిచిన ఫోమ్ పరుపు ఇస్త్రీ చేసిన బట్టలా వెచ్చగా ఉంది. ఆ కుక్కకు ఏ జబ్బూ లేదు. తనకు ఏది మంచిదో దానికి బాగా తెలుసు.

మనలా కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ, ఆ తడి ఆరడం వల్లే ఒళ్లు చల్లబరచుకుంటుంది. మూసిన గూట్లో రొప్పితే దాని ఊపిరిలోని ఆవిరి అక్కడే నిండిపోతుంది. ఇక తడి ఆరదు, ఒంట్లో వేడి దిగదు. మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉండే ఒళ్లు 105 దాటిందంటే వడదెబ్బ కింద లెక్క. చిక్కటి చొంగ, ఎర్రబడ్డ చిగుళ్లు, తూలుతూ నడవడం కనిపిస్తే ముందు ఒళ్లంతా మామూలు నీళ్లు పోసి, ఫ్యాన్ కింద పెట్టి, ఆ తర్వాతే బండి ఎక్కించండి. చల్లబరచకుండా తీసుకొస్తే దారిలోనే చేజారిపోవచ్చు.

అందుకే ముందు నీడ, తర్వాత ఇల్లు. వేపచెట్టు కిందో, వరండాలోనో పెట్టండి. అవేవీ లేకపోతే గూటి పైన ఓ అడుగు ఎత్తులో తాటాకులతో చిన్న పందిరి వేయండి. ఆ అడుగు ఖాళీలో గాలి ఆడుతుంది, ఎండ నేరుగా ప్లాస్టిక్‌ను తాకదు. అన్నీ చేసినా మే మధ్యాహ్నాలు కుక్కను ఇంట్లోకి రానివ్వండి. ప్లాస్టిక్ ఇల్లు రాత్రికి, వానకు పనికొచ్చే వస్తువు.

అపోహ: గోడలు రెండు పొరలుగా ఉంటే ఏసీలా చల్లగా ఉంటుంది.

రెండు పొరలు వేడిని నెమ్మదిగా లోపలికి రానిస్తాయి, అంతే నెమ్మదిగా బయటికి పోనిస్తాయి. మంచు కురిసే దేశాల్లో కుక్క ఒంటి వేడి గూట్లోనే నిలవాలని చిన్న తలుపు, దానికో పరదా పెడతారు. మనకు కావాల్సింది దానికి పూర్తిగా ఎదురు. ఎదురెదురు గోడల్లో, కప్పుకు దగ్గరగా గాలి రంధ్రాలున్నది చూసుకోండి. పరదా ఉంటే వేసవిలో తీసేయండి. రంగు లేతగా ఉండాలి.

అపోహ: 'లార్జ్' అని రాసి ఉంటే పెద్ద కుక్కకు సరిపోతుంది.

ఒక్కో కంపెనీ లార్జ్ ఒక్కోలా ఉంటుంది. టేపు తీసుకుని కుక్క నిలబడి ఉండగా నేల నుంచి నడినెత్తి దాకా, ముక్కు నుంచి తోక మొదలు దాకా కొలవండి. దానికి పావు వంతు కలిపి, గూటి లోపలి కొలతతో పోల్చండి. బయటి కొలత చూసి మోసపోయినవాళ్లు చాలామంది ఉన్నారు.

అపోహ: ప్లాస్టిక్‌లో పిడుదులు ఉండవు.

నాకు ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇదే. పిడుదులు, కొన్ని ఊళ్లలో గోమార్లంటారు, కుక్క మీద పుట్టి కుక్క మీదే చచ్చేవి కావు. రక్తం తాగి రాలిపోతాయి, గోడ పగుళ్లలోకి, సందుల్లోకి పాకుతాయి, అక్కడే గుడ్లు పెడతాయి. ఒక్క ఆడ పిడుదు పెట్టే గుడ్లు వేలల్లో ఉంటాయి. నున్నటి ప్లాస్టిక్ గోడ మీద వాటికి చోటు దొరకని మాట నిజమే. కానీ కప్పు, గోడ కలిసే గాడి, స్క్రూ రంధ్రాలు, అడుగు పలక కింది భాగం ఉన్నాయి కదా. టార్చి వేసి చూడండి, గసగసాల కుప్పలా గోధుమరంగులో కనిపిస్తే అవి గుడ్లే.

జ్వరం, తిండి మానేయడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం. పిడుదులు కుట్టడం వల్ల వచ్చే ఈ టిక్ ఫీవర్‌తో క్లినిక్‌కి వచ్చే కుక్కల్లో చాలావాటికి ఒంటికి మందు పడుతూనే ఉంటుంది, గూటి సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. ప్లాస్టిక్‌కున్న అసలు మేలు ఇక్కడే ఉంది. చెక్కలా నీళ్లు పీల్చదు. పదిహేను రోజులకోసారి విడదీసి, గాడుల్లో బ్రష్ పెట్టి రుద్ది, ఎండలో ఆరబెట్టొచ్చు. అందుకే సులువుగా విడిపోయే మోడల్ కొనండి. మందు పిచికారీ చేయాలంటే మోతాదు డాక్టర్‌ని అడగండి, పూర్తిగా ఆరేదాకా కుక్కను దగ్గరికి రానివ్వకండి.

అపోహ: పాత నీలం డ్రమ్ము కోసినా అదే పని చేస్తుంది.

అందులో ఇంతకుముందు ఏం పోశారో తెలియకపోతే వద్దు. రసాయనాల డ్రమ్ములు కడిగినా వాసన పోదు, కుక్క దాన్ని నాకుతుంది, కొరుకుతుంది. కొన్న గూడైనా సరే, ఎండకు పెళుసెక్కి అంచులు విరుగుతుంటే మార్చేయండి. మింగిన ప్లాస్టిక్ ముక్క పేగుకు అడ్డం పడుతుంది, ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు కూడా.

అపోహ: ఇల్లు కొన్నాం కాబట్టి రోజంతా అక్కడే కట్టేయొచ్చు.

గొలుసు గూటికి చుట్టుకుంటే కుక్క నీడకూ వెళ్లలేదు, నీళ్లకూ వెళ్లలేదు. మరీ పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టి ఉంచడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు మన వేసవిలో ఆరుబయటి కాపురమే వద్దు.

అపోహ: తలుపు ఎటు ఉన్నా ఒకటే.

పడమటి వైపు పెడితే సాయంత్రపు ఎండంతా లోపలికే. మరి వాన? తెలంగాణలో జల్లు ఎక్కువగా నైరుతి గాలితో వస్తుంది, అక్కడ తూర్పు ముఖం మంచిది. నెల్లూరు వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలితో కొడుతుంది, కాబట్టి దక్షిణం వైపు తిప్పి పైన చూరులా రేకు పెట్టుకోవచ్చు. గూటిని రెండు వరసల ఇటుకల మీద ఎత్తి పెట్టండి, ఆ సందులో మాత్రం పాత సామాను తొయ్యకండి, పాములు, తేళ్లు చేరతాయి. తొలకరికి ముందే లోపల ఒక పొడి గోనెసంచి పరిచి, కప్పు మీద రెండు బకెట్ల నీళ్లు పోసి, సంచి ఎక్కడ తడిసిందో చేత్తో తడిమి చూడండి.