ఫార్మాట్ కొట్టెయ్యమంటారా? స్లో కంప్యూటర్ల గురించి అపోహలు - వాస్తవాలు

కంప్యూటర్‌ని బల్ల మీద పెట్టీ పెట్టకముందే చాలామంది చెప్పే మాట ఒకటే: "స్లో అయిపోయిందండీ, ఫార్మాట్ కొట్టెయ్యండి." జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా సెలైన్ ఎక్కించమన్నట్టు ఉంటుంది నాకు. విజయవాడలో పద్దెనిమిదేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. స్లో అవడానికి కారణం దాదాపు ప్రతిసారీ ఒక్కచోటే ఉంటుంది. డిస్కో, ర్యామో, ప్రాసెసరో, వేడో, ఏదో ఒకటి వెనకబడి మిగతావాటిని కూడా ఆపేస్తుంది. అదేంటో చూడకుండా యూట్యూబ్‌లో దొరికిన చిట్కాలన్నీ చేసుకుంటూ పోతే సాయంత్రం గడిచిపోతుంది కానీ స్పీడ్ రాదు.

అందుకని ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి ఉంచుకుని ఇది చదవండి.

అపోహ: ఫార్మాట్ చేస్తే కొత్తదానిలా పరిగెడుతుంది

పరిగెడుతుంది, ఓ పది రోజులు. ఆ తర్వాత అప్‌డేట్లు వస్తాయి, ప్రోగ్రాములు మళ్లీ ఎక్కిస్తారు, కథ మొదటికొస్తుంది.

ఆ మధ్య ఒక డీటీపీ షాపు ఆయన తన సిస్టమ్ తెచ్చారు. నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఏడాదిలో మూడుసార్లు వేరేచోట ఫార్మాట్ చేయించారట. మూడోసారి సి డ్రైవ్‌లో ఉన్న ట్యాలీ డేటా కూడా పోయింది. ఆన్ చేసి టాస్క్ మేనేజర్‌లో డిస్క్ మీద నొక్కాను. యాక్టివ్ టైమ్ 100 శాతం. యావరేజ్ రెస్పాన్స్ టైమ్ 1,800 మిల్లీసెకన్లు. అంటే డిస్క్‌ని ఒక్క ముక్క అడిగితే తెచ్చివ్వడానికి దాదాపు రెండు సెకన్లు. రీడ్ స్పీడ్ చూస్తే సెకనుకి ఒక ఎంబీ కూడా లేదు. ప్రాసెసర్ మాత్రం 6 శాతం దగ్గర ఖాళీగా కూర్చుంది.

హార్డ్ డిస్క్ లోపల పళ్లెం తిరుగుతుంటుంది, దాని మీద చిన్న చెయ్యి అటూ ఇటూ కదులుతుంటుంది. డెస్క్‌టాప్‌లో వాడేది ఎక్కువగా నిమిషానికి 7,200 సార్లు తిరిగే రకం. పాత ల్యాప్‌టాప్‌లలో 5,400. చెయ్యి కదలాలి, కావలసిన చోటు దాని కిందకి తిరిగి రావాలి. ఇలా అక్కడో ముక్క, ఇక్కడో ముక్క తెమ్మంటే సెకనుకి వంద తేవడం కూడా దానికి కష్టమే. విండోస్ 10 ఆన్ అవుతూనే వేల కొద్దీ చిన్న చిన్న ఫైళ్లు అడుగుతుంది. ఎస్‌ఎస్‌డీ అంటే చిప్‌లలో డేటా దాచే డిస్క్, దానిలో కదిలే భాగమే లేదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ కూడా సెకనుకి పదివేలల్లో అందిస్తుంది. తేడా అంతా అక్కడుంది.

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాముతో ఆ డిస్క్‌ని చూస్తే పసుపు రంగులో 'కాషన్' అని వచ్చింది. కరెంట్ పెండింగ్ సెక్టర్ కౌంట్ అనే వరస సున్నా ఉండాలి, అక్కడ అంకె ఉంది. చదవలేకపోతున్న చోట్లని డిస్క్ పదే పదే ప్రయత్నిస్తోందన్నమాట. దాన్ని ఇంకెన్ని సార్లు ఫార్మాట్ చేసినా ఫలితం ఏముంటుంది? ఉన్న డేటా ముందు బయటికి తీసి, ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్ ఎక్కించాను. నాలుగు నిమిషాలు పట్టే బూటింగ్ అర నిమిషంలోపు వచ్చింది. ఆయన పేజ్‌మేకర్, అను ఫాంట్లు అదే పాత ప్రాసెసర్ మీద ఇప్పటికీ నడుస్తున్నాయి.

పాత హార్డ్ డిస్క్ బాగుంటే పారెయ్యక్కర్లేదు. ఫొటోలు, సినిమాలు దానిలో పెట్టుకోండి, విండోస్ మాత్రం ఎస్‌ఎస్‌డీలో ఉండాలి.

అపోహ: "మేం రోజూ షట్‌డౌన్ చేస్తాం, కాబట్టి రోజూ ఫ్రెష్‌గా మొదలవుతుంది"

రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన నాతో దీని మీద వాదన వేసుకున్నారు. "రాత్రి పడుకోబోయే ముందు నేనే షట్‌డౌన్ చేస్తాను బాబూ, ఒక్కరోజు కూడా తప్పలేదు" అన్నారు. "నిజమే మాస్టారూ, ఒకసారి ఇది చూడండి" అని పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కి, కింద అప్‌టైమ్, అంటే చివరిసారి పూర్తిగా మొదలై ఎంతకాలమైందో, చూపించాను. 41 రోజులు. లెక్కల మాస్టారు కదా, కళ్లద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివారు.

2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి ఉంది. షట్‌డౌన్ నొక్కితే మీ ప్రోగ్రాములు మూసేస్తుంది కానీ, విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్‌ని, ప్రింటర్, కీబోర్డు లాంటివాటిని నడిపే డ్రైవర్లని ఉన్నవి ఉన్నట్టు డిస్క్‌లో దాచి, పొద్దున మళ్లీ అవే తెచ్చి పెడుతుంది. త్వరగా ఆన్ అవడానికి చేసిన ఏర్పాటు. ఏదైనా డ్రైవర్ మొరాయిస్తుంటే ఆ మొరాయింపు కూడా దాంతోపాటే పొద్దున్నే లేస్తుంది. రీస్టార్ట్ నొక్కితే మాత్రం అన్నీ మొదట్నుంచి మొదలవుతాయి. వారానికోసారి రీస్టార్ట్ చేయండి. మాస్టారి దగ్గర నేను చేసిన పని అదొక్కటే, డబ్బులు తీసుకోబుద్ధి కాలేదు.

అపోహ: ర్యామ్ ఎంత పెంచితే అంత స్పీడ్

మీరు రోజూ తెరిచేవన్నీ తెరిచి మెమరీ చూడండి. 8 జీబీలో ఐదు వాడుతుంటే 16 వేసినా పెద్దగా తేడా తెలియదు. 4 జీబీ ఉండి 90 శాతం దాటుతుంటే మాత్రం తప్పకుండా పెంచాలి. చాలని ర్యామ్‌కి బదులుగా విండోస్ డిస్క్‌ని వాడుకుంటుంది, అది హార్డ్ డిస్క్ అయితే ఇక చెప్పేదేముంది. కొనేముందు రెండు విషయాలు చూసుకోండి. పాత రకం ర్యామ్ డీడీఆర్3 స్లాట్‌లో కొత్త రకం డీడీఆర్4 పట్టదు. పాత 32 బిట్ విండోస్ ఉంటే 4 జీబీకి మించి వేసిన ర్యామ్‌ని అది వాడుకోదు.

అపోహ: ర్యామ్ క్లీనర్ పెట్టి ఖాళీ చేస్తుండాలి

ర్యామ్ ఖాళీగా ఉంటే లాభం లేదు. కౌలు కట్టి పొలం బీడు పెట్టుకున్నట్టు. మళ్లీ అవసరం పడుతుందని విండోస్ దాచిపెట్టినదాన్ని క్లీనర్ తుడిచేస్తుంది, తర్వాత అదే మళ్లీ డిస్క్ నుంచి తేవాలి. ప్రీఫెచ్ ఫోల్డర్ డిలీట్ చేసే చిట్కా సంగతీ ఇంతే. ప్రోగ్రాములు త్వరగా తెరవడానికి విండోస్ రాసుకున్న చీటీలవి. చింపేస్తే మళ్లీ రాసుకుంటుంది, అందాకా మీకే ఆలస్యం. టెంప్ ఫోల్డర్ ఖాళీ చేస్తే తప్పేం లేదు, సి డ్రైవ్ అంచుదాకా నిండినప్పుడు చోటు దొరుకుతుంది.

అపోహ: ఎఫ్5 నొక్కుతూ ఉంటే హుషారొస్తుంది

తెర మీద ఐకాన్లు మళ్లీ గీస్తుంది, అంతే. అలవాటు మానలేకపోతే నొక్కుకోండి, నష్టం లేదు.

అపోహ: ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ప్రాసెసర్ల సంఖ్య ఎక్కువ పెడితే స్పీడ్ పెరుగుతుంది

ఎంఎస్‌కాన్ఫిగ్ అంటే విండోస్ ఎలా మొదలవ్వాలో చెప్పే సెట్టింగ్స్ పెట్టె. అందులో ఆ గడి ఉన్నది తగ్గించడానికి. టిక్ పెట్టకపోతే విండోస్ ఉన్న కోర్లన్నీ (ప్రాసెసర్ లోపలి పనివాళ్లు) ఎలాగూ వాడుకుంటుంది. కుర్రాళ్లు ఎవరో అక్కడ 1 పెట్టి వదిలేస్తే నాలుగు కోర్ల మిషన్ ఒక్క కోర్‌తో కుంటుతూ నా దగ్గరికొచ్చిన రోజులున్నాయి.

అపోహ: ఎస్‌ఎస్‌డీని కూడా డీఫ్రాగ్ చేయాలి

డీఫ్రాగ్ అంటే చెల్లాచెదురైన ఫైల్ ముక్కల్ని ఒకచోటికి చేర్చడం, అది చేసేది చెయ్యి కదిలే డిస్క్‌కి. ఎస్‌ఎస్‌డీకి దానివల్ల అరుగుదలే మిగులుతుంది. విండోస్‌లోని ఆప్టిమైజ్ డ్రైవ్స్ ఆ తేడా తెలుసుకుని ఎస్‌ఎస్‌డీకి ఖాళీ అయిన చోట్లేవో చెప్పే ట్రిమ్ అనే వేరే పని చేస్తుంది, దాన్ని దాని మానాన వదిలెయ్యండి.

అపోహ: రెండు యాంటీవైరస్‌లుంటే రెట్టింపు రక్షణ

ఒక ఫైల్ తెరిస్తే ఇద్దరు కాపలావాళ్లు జేబులు తడుముతారు, అంతే లాభం. విండోస్ 10, 11లలో మైక్రోసాఫ్ట్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ ఉంది, ఇంటి వాడకానికి నేను దాన్నే ఉంచమంటాను. రిజిస్ట్రీ, అంటే విండోస్ తన సెట్టింగ్స్ రాసుకునే పుస్తకం, దాన్ని శుభ్రం చేస్తామనే క్లీనర్లు అసలు వద్దు. రిజిస్ట్రీలో పనికిరాని వరసలు కొన్ని వందలు తీసేసినా మీకు తేడా తెలియదు, పనికొచ్చేది ఒక్కటి పోతే మాత్రం వెంటనే తెలుస్తుంది. "మీ పీసీలో వైరస్‌లున్నాయి" అని మూలన పదే పదే వచ్చేది చాలావరకు ఏదో సైట్‌లో అలౌ నొక్కడం వల్ల వస్తున్న బ్రౌజర్ నోటిఫికేషన్. టెన్షన్ పడకుండా బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ఆ సైట్‌కి అనుమతి తీసెయ్యండి.

అపోహ: వేడెక్కడం మామూలే, దానికీ స్పీడ్‌కీ సంబంధం లేదు

మా ఊళ్లో ఏప్రిల్ వచ్చిందంటే సగం కేసులు ఇవే. లోపల దుమ్ము పేరుకుని గాలి ఆడకపోతే ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. సీపీయూ పేజీలో బేస్ స్పీడ్ అని ఒకటి, స్పీడ్ అని ఒకటి ఉంటాయి. పని ఎక్కువగా ఉన్నప్పుడు కూడా రెండోది మొదటిదానికంటే బాగా కింద ఉంటే ఫ్యాన్ శుభ్రం చేయించి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్ట్ మార్పించండి. ల్యాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టుకోవడం మానండి. ఒక అమ్మాయి ల్యాప్‌టాప్‌కి ఇవన్నీ చేసినా స్పీడ్ 0.8 గిగాహెర్ట్జ్ దాటలేదు. చివరికి తేలిందేంటంటే, కంపెనీ ఛార్జర్ పోయి బయట కొన్న తక్కువ వాట్ల ఛార్జర్ వాడుతోంది. సరైన ఛార్జర్ పెట్టగానే సరిపోయింది.

అపోహ: విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కాబట్టే స్లో అయింది

2025 అక్టోబర్ 14న ఆగింది నిజమే. ఆగింది సెక్యూరిటీ అప్‌డేట్లు, మీ స్పీడ్‌కి దాంతో పని లేదు. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 అనే సెక్యూరిటీ ఏర్పాటు కావాలి, ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందువి దాదాపు ఏవీ పనికిరావు. అడ్డదారిలో ఎక్కించి ఇమ్మని అడుగుతుంటారు. హార్డ్ డిస్క్ ఉన్న పాత మిషన్ మీద అది ఇంకా బరువవుతుంది. బ్రౌజర్, వీడియోలు తప్ప ఏమీ వాడనివాళ్లకి నేను విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసి ఇస్తున్నాను. ట్యాలీ, పేజ్‌మేకర్ ఉన్నవాళ్లకి మాత్రం ఆ మాటే ఎత్తను.

ఇంతా చేసి, ఏం చేసినా బాగుపడనివి కొన్ని వస్తాయి. 4 జీబీ ర్యామ్ బోర్డుకే అతికించేసి, డిస్క్ బదులు 32 జీబీ చిప్ పెట్టి చవగ్గా అమ్మిన చిన్న ల్యాప్‌టాప్‌లు. మార్చడానికి లోపల ఏమీ ఉండదు. అలాంటిది తెస్తే మూత కూడా విప్పను, పిల్లలు టైపింగ్ నేర్చుకోవడానికి ఉంచుకోమని చెప్పి పంపేస్తాను.