ఆమ్ల వర్షం: ఆకు తట్టుకున్నా వేరు తట్టుకోలేదు

ఆమ్ల వర్షం అనగానే ఆకులు మాడిపోయిన పైరు కళ్లముందు మెదులుతుంది. కానీ పంటకు అసలు ముప్పు మనకు కనిపించని చోట, నేల లోపల ఉంది.

మామూలు వాన కూడా కొద్దిగా పుల్లనిదే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల దాని పీహెచ్ (పులుపును చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.6 దగ్గర ఉంటుంది. బొగ్గు, డీజిల్ మండినప్పుడు వెలువడే సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు గాలిలో ఆమ్లాలుగా మారి చినుకులో చేరితే ఆ అంకె ఇంకా పడిపోతుంది. ఒక్క అంకె తగ్గితే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్టు.

ముందు ఆకు సంగతి. ఆకు మీద మైనపు పొర ఉంటుంది కాబట్టి చినుకు చాలావరకు జారిపోతుంది. ఈనె పక్కన పల్లంలో నిలిచిన బొట్టుతోనే చిక్కు. ఎండకు నీరు ఆవిరైపోతుంది, ఆమ్లం మాత్రం చిక్కబడుతుంది. వాన మరీ పుల్లనిదైతే అక్కడ చిన్న గోధుమ రంగు మచ్చ తేలుతుంది. 1980 ప్రాంతంలో అమెరికాలోని ఆరెగాన్‌లో 28 రకాల పంటల మీద పీహెచ్ 3 నుంచి 4 వరకు ఉన్న కృత్రిమ వాన కురిపించి చూశారు. ముల్లంగి, బీట్‌రూట్, క్యారట్ దిగుబడి తగ్గింది. టమాటా, స్ట్రాబెర్రీ దిగుబడి పెరిగింది! ఆ దేశంలోనే దాదాపు పదేళ్లు సాగిన జాతీయ పరిశీలన కూడా, అప్పుడు కురుస్తున్న వాన ఆకులకు తగలడం వల్ల దిగుబడి పడిపోయినట్టు కనబడలేదని తేల్చింది.

అలాగని నిశ్చింతగా ఉండలేం. ఏళ్ల తరబడి కురిసే ఆమ్లం నేలలోని కాల్షియం, మెగ్నీషియంలను కడిగేస్తుంది. నేల పీహెచ్ 5 కంటే కిందికి దిగితే, అంతవరకు మట్టి రేణువుల్లో బందీగా ఉన్న అల్యూమినియం నీటిలోకి వస్తుంది. దానికి ముందు బలయ్యేది వేరు కొన. కొన్ని గంటల్లోనే దాని ఎదుగుదల మందగిస్తుంది. అలాంటి మొక్కను పీకి చూస్తే వేళ్లు పొట్టిగా, లావుగా, పెళుసుగా ఉంటాయి, సన్నని నూగు వేళ్లు దాదాపు కనిపించవు. మట్టిలో తడి ఉన్నా మొక్క దాహంతో వాడుతుంది. భాస్వరం అల్యూమినియంతో, ఇనుముతో కలిసి గట్టిపడి వేరుకు అందదు. పప్పుజాతి పైర్లలో నత్రజని పట్టే వేరు బుడిపెలు కూడా తగ్గిపోతాయి.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. చాలా పొలాల్లో వాన కంటే అమ్మోనియం ఎరువులే నేలను ఎక్కువ పుల్లబరుస్తాయి. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1856లో మొదలైన పచ్చిక ప్రయోగంలో, అమ్మోనియం సల్ఫేట్ వేస్తూ సున్నం వేయని మడుల పీహెచ్ 4 కంటే కిందికి పోయింది. అక్కడ చాలా రకాల మొక్కలు కనుమరుగై, ఆమ్లాన్ని ఓర్చుకునే కొన్ని గడ్డి జాతులే మిగిలాయి. అంటే ఎరువుతో ఇప్పటికే పులిసిన నేల మీద ఆమ్ల వర్షం అదనపు భారం అవుతుంది.

గంధకం (సల్ఫర్) కథ మరో మలుపు. యూరప్‌లో పొగ కాలుష్యం అదుపులోకి వచ్చాక, గాలి నుంచి ఊరికే దొరికే గంధకం తగ్గిపోయింది. ఆవ జాతి నూనెగింజ పైర్లలో గంధక లోపం బయటపడి, రైతులు దాన్ని ఎరువుగా వేయాల్సి వచ్చింది. గాలి శుభ్రపడ్డందుకు ఆ ఖర్చు పెద్దది కాదనే నా అభిప్రాయం. గంధకం కావాలంటే కొలిచి వేసుకోవచ్చు. కడుక్కుపోయిన కాల్షియాన్ని అంత సులువుగా తిరిగి నింపలేం. సున్నం చల్లితే పైమట్టి తేరుకుంటుంది, లోపలి పొరలకు అది దిగడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా వర్షాలు ముఖం చాటేస్తే, అడుగున నీరున్నా అల్యూమినియం పొర దాటి వేరు అక్కడికి చేరలేదు.